కాలికి తెలిసింది షెడ్డుదాకా చేరాలి

హైదరాబాద్‌లో సాయంత్రం మైండ్‌స్పేస్ ఆఫీసుల నుంచి బయటపడ్డ కారు గచ్చిబౌలి దాటేలోపు బ్రేక్ మీద కాలు ఎన్నిసార్లు పడుతుందో లెక్కే ఉండదు. ముందు కారు రెండడుగులు కదిలితే మనమూ రెండడుగులు, మళ్లీ బ్రేక్. శిల్పా లేఅవుట్ ఫ్లైఓవర్ ఎక్కితే వాలు మీద ఆగుతూ పోవాలి. ఆఫీసు సెల్లార్ ర్యాంపుల మీద కాలు బ్రేక్ వదలదు. ఇలా రోజూ నడిపేవాళ్లకు తమ కారు బ్రేక్ ఎక్కడ పడుతుందో ఆలోచించకుండానే తెలుసు. పెడల్ ఓ వేలెడు ఎక్కువ దిగినా, మెత్తగా తగిలినా ఆ రోజే పసిగడతారు. ఆ తెలిసిన సంగతి మెకానిక్ దాకా చేరడమే ఇక్కడ కష్టం.

హైటెక్ సిటీ, కొండాపూర్, నానక్‌రామ్‌గూడ వైపు ఇప్పుడు నడుస్తున్న పద్ధతి చూడండి. తాళం సెక్యూరిటీ దగ్గర వదిలితే సర్వీసు కుర్రాడు వచ్చి కారు తీసుకుపోతాడు. జాబ్ కార్డులో ‘బ్రేక్ చెక్’ అని రాసుకుంటాడు. సాయంత్రానికి ‘బ్రేక్ క్లీనింగ్, ఆయిల్ టాపప్’ అని బిల్లు వస్తుంది. కారు ఓనరూ, బ్రేక్ విప్పిన మనిషీ ఒకరినొకరు చూసుకోనే లేదు. పెడల్ మెత్తబడిందన్న మాట వెనక అరడజను వేర్వేరు లోపాలుంటాయి. ఏ లోపమో తేల్చేది పెడల్ ఎలా దిగింది, ఎప్పుడు దిగింది, రెండోసారి నొక్కితే ఏమైంది అన్న వివరాలే. అవి ఓనర్ కాలి దగ్గరే ఆగిపోతే షెడ్డులో ఎంత మంచి పనివాడున్నా ఊహ మీద సామాను మార్చాల్సిందే. ఈ సమస్య మీద మెకానిక్కుల్లో, కంపెనీ సర్వీసు సెంటర్లలో, కార్ల గురించి తెలిసినవాళ్లలో ఉన్న అభిప్రాయాలను ఇక్కడ ఒకచోట పెట్టి తూకం వేసే ప్రయత్నం చేస్తాను. నా మొగ్గు ముందే చెబుతున్నాను: సామాను మార్చే ముందు పావుగంట పరీక్ష జరగాలి, అది ఓనర్ ఎదుటే జరగాలి.

పెడల్ నొక్కితే బూస్టర్ ఆ బలాన్ని పెంచుతుంది, మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్లు బ్రేక్ ఆయిల్‌ను ముందుకు తోస్తాయి, ఆ ఒత్తిడి పైపుల గుండా నాలుగు చక్రాలకూ చేరుతుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులతో వచ్చింది. అప్పటి సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. ఆయిల్ దాదాపు కుదించుకుపోదు, అందుకే కాలి కింద గట్టిగా తగులుతుంది. పెడల్ పూర్తిగా నొక్కినా కదిలే ఆయిల్ కొద్ది మిల్లీలీటర్లే కాబట్టి, సిరంజిలో మిగిలిన చిన్న గాలి బుడగలా, ఎక్కడో కాస్త గాలి చిక్కినా నొక్కిన నొక్కులో సగం దాన్ని నలపడానికే పోతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఈనాటి మాస్టర్ సిలిండర్‌లో రెండు విడి గదులుంటాయి. ముందు ఇంజన్, ముందు చక్రాల నడక ఉన్న కార్లలో సాధారణంగా ఒక గది ఒక ముందు చక్రానికీ, దానికి ఎదురు మూల వెనక చక్రానికీ పనిచేస్తుంది. ఒక వైపు లీకై పోతే రెండో వైపు కారును ఆపుతుంది, కానీ పెడల్ చాలా కిందికి దిగాక గానీ పట్టదు. ‘కొంచెం కింద పడుతోంది కానీ పడుతోందిలే’ అని నెలల తరబడి నడిపేవాళ్లు కొందరు నిజానికి సగం బ్రేకులతో తిరుగుతూ ఉండొచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు మీద 2023 నుంచి వేగ పరిమితి గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంలో సెకనుకు 33 మీటర్లు పోతాం. పెడల్ అడుగు వెతుక్కోవడానికి అర సెకను పట్టినా, పదహారు మీటర్లు దాటేశాకే బ్రేక్ మొదలవుతుంది.

పరీక్షలకు వద్దాం. వీటిలో చాలావాటికి పానా కూడా అక్కర్లేదు.

బండి నిలబెట్టి, ఇంజన్ ఆపి, పెడల్‌ను నాలుగైదుసార్లు కొట్టండి. కొట్టే కొద్దీ పైకి వస్తూ, అయినా అడుగున స్ప్రింగులా ఊగుతుంటే గాలి పట్టిందని మొదటి అనుమానం. రెండో దెబ్బకే పైకొచ్చి రాయిలా నిలబడితే గాలి కాదు, ఎక్కడో సందు ఎక్కువైంది: వెనక బ్రేక్ షూలు డ్రమ్ముకు దూరం జరిగి ఉంటాయి, లేదా ప్యాడ్లు డిస్కు నుంచి వెనక్కి తోసుకుపోతున్నాయి. ఇప్పుడు కాలు తీయకుండా అరనిమిషం అదే బలంతో పట్టుకోండి. నెమ్మదిగా కిందికి జారిపోతుంటే ఆయిల్ ఎక్కడికో పోతోంది. బయటికైనా పోవాలి, మాస్టర్ సిలిండర్‌లో అరిగిన రబ్బరు వాషర్ల పక్కనుంచి వెనక్కైనా పోవాలి. ఈ చివరి పరీక్షలో చాలామంది చేసే పొరపాటు పెడల్‌ను గట్టిగా తొక్కడం. గట్టిగా తొక్కితే ఒత్తిడికి వాషర్ పెదవి విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది, లోపం దాక్కుంటుంది. తేలిగ్గా, ఒకే తీరున పట్టుకుంటేనే జారుడు బయటపడుతుంది. ఆటోమేటిక్ గేరు కారును సిగ్నల్ దగ్గర ‘డీ’లో ఉంచి, బ్రేక్ మీద తేలిగ్గా కాలు వేసి ఆగినప్పుడు కారు మెల్లగా ముందుకు పాకుతోందని ఫిర్యాదు వస్తే, నేను మొదట చూడమనేది మాస్టర్ సిలిండరే.

ఆ తర్వాత ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ మీద కాలు ఉండగా స్టార్ట్ చేస్తే అది కొంచెం కిందికి దిగుతుంది. బూస్టర్ పనిచేస్తోందనడానికి అదే గుర్తు. పాత కారు అమ్మి కొత్తది కొన్నవాళ్లు ఈ దిగుడు చూసి కంగారుపడటం మామూలే, అందులో లోపమేమీ లేదు. బూస్టర్ చెడితే పెడల్ గట్టిపడుతుంది, మెత్తబడదు. మెత్తబడిందని చెప్పిన కారుకు బూస్టర్ మార్చాలని ఎవరైనా అంచనా రాసిస్తే, ఎందుకో అడగండి.

వెనక చక్రాల సంగతి దగ్గర కాస్త ఆగాలి. ఇక్కడి రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో చాలావాటికి, వాగన్‌ఆర్, స్విఫ్ట్, టియాగో వంటివాటికి, వెనక డ్రమ్ బ్రేకులే. మెత్తని పెడల్ ఫిర్యాదుల్లో ఎవరూ పట్టించుకోని భాగం అదే. అందరి చూపూ ముందు డిస్కుల మీద, బ్రేక్ ఆయిల్ మీద ఉంటుంది. లైనర్లు అరిగే కొద్దీ షూలను డ్రమ్ముకు దగ్గరగా జరపడానికి లోపల ఒక అడ్జస్టర్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో అది పెడల్ నొక్కినప్పుడు జరుగుతుంది, కొన్నింటిలో హ్యాండ్‌బ్రేక్ లాగినప్పుడు. ఈ రెండో రకం కారును ఎప్పుడూ ‘పీ’లో పెట్టి దిగిపోతూ, హ్యాండ్‌బ్రేక్ ముట్టుకోని అలవాటుతో నడిపితే అడ్జస్టర్ ఉన్నచోటే ఉండిపోతుంది. సందు పెరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. బ్రేక్ డస్ట్, తుప్పు పట్టి అడ్జస్టర్ బిగుసుకుపోవడం కూడా అంతే మామూలు.

దీన్ని పట్టుకునే ఉపాయం పాత మేస్త్రీలందరికీ తెలుసు. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి ఉంచి పెడల్ నొక్కాలి. అప్పుడు పెడల్ ఎత్తులోనే గట్టిగా పట్టిందంటే లోపం వెనక డ్రమ్ముల్లో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా మాస్టర్ సిలిండర్ మార్చిన కార్లు ఈ ఊళ్లో చాలానే ఉంటాయని నా నమ్మకం. మాస్టర్ మార్చినా పెడల్ పైకి రాదు, ‘ఇంకా ఎయిర్ ఉంది’ అని మళ్లీ మళ్లీ బ్లీడింగ్ చేస్తారు, అంటే గాలి తీస్తారు.

డ్రమ్ము విప్పినప్పుడు మీరూ వంగి చూడండి. పైభాగంలో వీల్ సిలిండర్ ఉంటుంది, దాని రెండు చివర్లకూ నల్ల రబ్బరు టోపీలు. మెకానిక్ చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ టోపీ అంచు ఎత్తుతాడు. లోపల కాస్త తేమ మెరిస్తే సరే అనుకోవచ్చు. అంచు ఎత్తగానే ఆయిల్ జారి కింద ప్లేటు మీదికి కారితే, వేడికి దుమ్ముతో కలిసి నల్లని జిగురు చుట్టూ పేరుకుని ఉంటే, ఆ సిలిండర్ పని అయిపోయింది. ఆ ఆయిల్ లైనర్లకు అంటి ఉంటే తుడిచి మళ్లీ బిగించకూడదు. పీల్చుకున్న లైనర్‌ను ఏ క్లీనరూ బాగుచేయలేదు, రెండు వైపులా షూలు మార్చాల్సిందే. ఒక్క వైపే మార్చి ‘ఖర్చు మిగిలింది’ అనేవాళ్ల మాట వినొద్దు, బ్రేక్ వేసినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది.

బయటికి పోయే ఆయిల్ జాడ చక్రాల లోపలి వైపు, పైపుల జాయింట్ల దగ్గర, సెల్లార్ నేల మీద కనిపిస్తుంది. కనిపించని దారి ఒకటుంది: మాస్టర్ సిలిండర్ వెనక చివర నుంచి బూస్టర్ లోపలికి. బయట చుక్క కూడా పడదు, రిజర్వాయర్‌లో ఆయిల్ మట్టం మాత్రం తగ్గుతూ ఉంటుంది. దీనికి పెద్ద ఉదాహరణ 2010 అక్టోబరులో జరిగింది. టొయోటా ప్రపంచవ్యాప్తంగా, ముఖ్యంగా అమెరికా, జపాన్‌లలో, సుమారు 15 లక్షల కార్లను వెనక్కి పిలిచింది. కొన్ని రకాల బ్రేక్ ఆయిల్ పోసినప్పుడు మాస్టర్ సిలిండర్ వెనక ఉన్న రబ్బరు కప్ ఎండి, అంచు ముడుచుకుని, ఆయిల్ మెల్లగా బూస్టర్‌లోకి కారే అవకాశం ఉందని, హెచ్చరిక దీపం వెలిగినా పట్టించుకోకుండా నడిపితే పెడల్ మెత్తబడుతుందని కంపెనీ చెప్పింది. రబ్బరుకూ ఆయిల్‌కూ పొత్తు కుదరాలన్నది షెడ్డు వాళ్ల చాదస్తం కాదని అర్థమవుతుంది. ఈ మాట ఇక్కడికీ వర్తిస్తుంది: వాషర్లను పెట్రోలుతో, డీజిలుతో కడిగే అలవాటు కొన్ని షెడ్లలో ఇంకా ఉంది. బ్రేకుల్లో వాడే రబ్బరు వాటికి ఉబ్బిపోతుంది. కొత్త బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి.

అందుకే టాపప్ అన్న మాట బిల్లులో కనిపిస్తే నాకు మనసు ఒప్పదు. ప్యాడ్లు అరిగే కొద్దీ మట్టం కొంత తగ్గడం సహజమే. కానీ ఎందుకు తగ్గిందో చూడకుండా నింపేస్తే, లీకు గురించి చెప్పే ఒకే ఒక్క సాక్ష్యాన్ని చెరిపేసినట్టే.

మాస్టర్ సిలిండర్‌కు వాషర్ల కిట్ వేయాలా, మొత్తం అసెంబ్లీ మార్చాలా అన్నది మెకానిక్కుల్లో పాత తగాదా. రాణిగంజ్ విడిభాగాల దుకాణాల్లో కిట్ దొరికితే ఎంతో తక్కువలో పోతుంది. సిలిండర్ లోపలి గోడ నునుపుగా ఉంటే కిట్‌తో పని జరుగుతుంది, గీతలూ తుప్పు గుంటలూ ఉంటే కొత్త వాషర్లు కూడా కొన్నాళ్లకే తెగుతాయి. చాలా కొత్త కార్లకు కంపెనీ కిట్ అమ్మదు, అసెంబ్లీయే. బ్రేక్ దగ్గర నేను కొత్త అసెంబ్లీ వైపే ఉంటాను. 2020లో ఇళ్ల నుంచి పని మొదలయ్యాక నెలల తరబడి సెల్లార్లలో కదలకుండా నిలిచిన కార్లకు ఇది మరీ వర్తిస్తుంది. వాటిలో గోడలకు తుప్పు, డిస్కును పట్టే కాలిపర్ల పిన్నులు బిగుసుకోవడం మామూలుగా కనిపించాయి.

ఇక బ్రేక్ ఆయిల్ వయసు. ఇది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. 3.7 శాతం నీరు చేరాక ఆ కనీస హద్దు 155కి పడిపోతుంది. డాట్ 3కైతే 205 నుంచి 140కి. మైండ్‌స్పేస్ ట్రాఫిక్‌లో ఇది బయటపడదు, అక్కడ వేగమే ఉండదు కాబట్టి డిస్కులు అంత వేడెక్కవు. బయటపడేది వారాంతంలో శ్రీశైలం వెళ్లినప్పుడు. దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో నలుగురు మనుషులు, సామాను, టాప్ గేరు, కాలు బ్రేక్ మీదే. కాలిపర్‌లో ఆయిల్ మరిగి ఆవిరి బుడగలైతే పెడల్ ఒక్కసారిగా అడుగుకు పోతుంది. అరగంట ఆపితే చల్లబడి మళ్లీ మామూలే. సోమవారం కారు షెడ్డుకు తీసుకెళ్తే ‘ఏం లేదు సార్, బాగానే ఉంది’ అంటారు. అక్కడ నిజంగానే బాగుంటుంది. ఘాట్‌లో జరిగిందని ఓనర్ చెప్పకపోతే పట్టుకోవడానికి దారే లేదు. వైద్యం తేలిక: పాత ఆయిల్ పూర్తిగా తీసేసి కొత్తది పోయడం, ఘాట్‌లో రెండో గేరులో దిగడం.

మార్చాల్సిన గడువు మీద వాదన ఉంది. చాలా కంపెనీల మాన్యువల్స్ రెండేళ్ల దగ్గర గీత గీస్తాయి, కొన్ని దూరం లెక్క కూడా కలుపుతాయి. ‘రంగు బాగుంటే చాలు’ అనే మెకానిక్కులు ఇంకో పక్షం. రంగును బట్టి నీటి శాతం తెలియదు, నల్లబడటానికి రబ్బరు అరుగుదల కారణం కావచ్చు, తేటగా ఉన్న దాంట్లోనూ నీరుండొచ్చు. పెన్నులాంటి టెస్టర్లు కొంత నయం, కానీ అవి చూసేది పైన రిజర్వాయర్‌లోని ఆయిల్‌ను. కాలిపర్ దగ్గర ఉడికి ఉడికి ఉన్నది కిందే ఉంటుంది. కారు తక్కువ తిరిగినా గడువు గడువే, తేమకు కిలోమీటర్లతో పనిలేదు. ఈ విషయంలో మాన్యువల్ మాటే వినాలి.

గాలి తీయడం ఇద్దరు మనుషుల పని. ఒకరు లోపల కూర్చుంటారు, ఒకరు చక్రం దగ్గర. చక్రం దగ్గర గాలి తీసే నిప్పిల్‌కు తేట గొట్టం తొడిగి, రెండో చివర సీసాలోని ఆయిల్‌లో మునిగేట్టు పెడతారు. ‘కొట్టు... కొట్టు... పట్టుకో!’ ‘పట్టుకున్నా అన్నా.’ నిప్పిల్ పావు చుట్టు వదులవుతుంది, గొట్టంలో ముదురు ఆయిల్‌తో పాటు బుడగలు పరుగెడతాయి, నిప్పిల్ బిగించాకే ‘వదులు’ అన్న మాట వస్తుంది. ఆ క్రమం తప్పితే బయటి గాలి లోపలికి పోతుంది. పాత కారులో లోపలి మనిషి పెడల్‌ను అడుగుదాకా తొక్కకూడదు. మామూలుగా పిస్టన్ ఎప్పుడూ వెళ్లని చోట గోడకు తుప్పు పేరుకుని ఉంటుంది, వాషర్ అక్కడిదాకా వెళ్తే చిరుగుతుంది. పెడల్ కింద చెక్క ముక్క పెట్టే మేస్త్రీ కనబడితే ఆ షెడ్డును వదులుకోకండి. రిజర్వాయర్ ఖాళీ కానివ్వకూడదు, అయిందంటే మొదటికి వచ్చినట్టే. ఎక్కడ మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. మాస్టర్ సిలిండర్‌కు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. అమెరికా వీడియోలు చూసి కుడి వెనక చక్రంతో మొదలుపెట్టేవాళ్లున్నారు. వాళ్ల స్టీరింగ్ ఎడమవైపు ఉంటుంది, మన కార్లలో దూరం ఎడమ వెనక చక్రమే. కొన్ని కంపెనీలు వేరే వరుస చెబుతాయి, అప్పుడు మాన్యువల్ వరుసే పాటించాలి. కాలిపర్ విప్పి తిరిగి బిగించాక బ్లీడింగ్ ఎంతకీ తెమలకపోతే నిప్పిల్ పైవైపు ఉందో లేదో చూడండి. కుడి ఎడమలు తారుమారైతే నిప్పిల్ కిందికి వస్తుంది, గాలి పైనే ఉండిపోతుంది.

ఏబీఎస్ వచ్చాక ఈ పని మారింది. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. దాని యూనిట్ లోపలి వాల్వుల వెనక గాలి చిక్కితే పెడల్‌తో ఎన్నిసార్లు కొట్టినా రాదు, స్కానర్ పెట్టి పంపును, వాల్వులను నడిపించాలి. దీన్ని పట్టుకుని ‘ఏబీఎస్ కారుకు బయట బ్రేక్ పని చేయించొద్దు’ అని కంపెనీ సెంటర్లు, ‘మామూలుగా తీసినా వస్తుంది’ అని చిన్న షెడ్లు వాదించుకుంటాయి. రెండిట్లోనూ నిజముంది. ప్యాడ్లు, హోసు, వీల్ సిలిండర్ మార్చి, మట్టం పడకుండా చూసుకున్న పనికి మామూలు పద్ధతి సాధారణంగా చాలు. రిజర్వాయర్ ఖాళీ అయినా, మాస్టర్ లేదా ఏబీఎస్ యూనిట్ మార్చినా స్కానర్ ఉన్న చోటికే వెళ్లాలి. ఇప్పుడు స్కానర్ ఉన్న స్వతంత్ర షెడ్లూ ఉన్నాయి. ‘మీ స్కానర్‌లో ఏబీఎస్ బ్లీడింగ్ ఆప్షన్ నా కారుకు వస్తుందా?’ అని ముందే అడిగితే సరిపోతుంది.

పెడల్ మెత్తబడటానికి మిగిలిన కారణాలు త్వరగా చెప్పేస్తాను. పాత రబ్బరు హోసులు ఒత్తిడికి ఉబ్బుతాయి, ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు చేత్తో పట్టి చూస్తే తెలుస్తుంది. చక్రం బేరింగ్‌లో ఆట ఉంటే గుంతల్లో డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి తోస్తుంది, ఆ తర్వాతి మొదటి నొక్కు లోతుగా పోయి రెండోది మామూలుగా ఉంటుంది. కాలిపర్ పిన్ను బిగిసి ప్యాడ్ ఏటవాలుగా అరిగినా స్పాంజీగా అనిపిస్తుంది. బ్యాటరీ కార్లలో మోటారే చాలావరకు వేగం తగ్గిస్తుంది కాబట్టి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఆ సాయం తగ్గి బ్రేక్ తీరు మారినట్టు అనిపించవచ్చు. అది లోపం కాదు. అయితే వాటిలోనూ బ్రేక్ ఆయిల్ ఉంటుంది, దాని గడువు అదే.

నడుస్తూ ఉండగా పెడల్ పడిపోతే వరసగా కొట్టాలి, గేర్లు తగ్గించాలి, హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగాలి. బటన్ హ్యాండ్‌బ్రేక్ ఉన్న చాలా కార్లలో ఆ బటన్ లాగి పట్టుకుంటే కారు ఆగుతుంది. ఆగాక మళ్లీ నడపకుండా టోయింగ్ పిలవండి.

ఇక షెడ్డుకు వెళ్లే రోజు. తాళం ఇచ్చి పంపకుండా శనివారం పొద్దున ఒక గంట తీసుకుని మీరే వెళ్లండి. హ్యాండ్‌బ్రేక్ పరీక్ష, పట్టుకునే పరీక్ష మీ ఎదుట చేయించండి, మీరు నొక్కి మెకానిక్‌తోనూ నొక్కించండి. ఎప్పుడు మెత్తబడుతోందో, చల్లగా ఉన్నప్పుడా, ఘాట్‌లోనా, గుంత దాటాకనా, సిగ్నల్ దగ్గరా, చెప్పండి. పని అయ్యాక ఇంజన్ నడుస్తుండగా ఒక నిమిషం పెడల్ పట్టుకుని చూడండి. నాలుగు నిప్పిళ్లకూ రబ్బరు టోపీలు తిరిగి పెట్టారో లేదో చూడండి. పెయింట్ మీద ఆయిల్ పడి ఉంటే వెంటనే నీళ్లతో కడిగించండి, ఆగితే రంగు లేచిపోతుంది. మర్నాడు పొద్దున కారు తీసే ముందు సెల్లార్‌లో నాలుగు చక్రాల కిందా నేల చూడండి, వారం తర్వాత రిజర్వాయర్ మట్టం చూడండి. మూత తీసిన సీసాలో మిగిలిన ఆయిల్‌ను డిక్కీలో దాచుకోకండి. తేమ దానికీ పడుతుంది.